సముద్రపు గాలి కరెంటు, మూడు ఆదివారాల తరగతి

ట్రాన్స్‌మిషన్ విభాగంలో ముప్పయ్యేళ్లకు పైగా పనిచేసి రిటైరైన నేను, సముద్రంలో నిలబెట్టిన గాలిమరల కరెంటును ఒడ్డుకు చేర్చి గ్రిడ్‌కు అనుసంధానించే పద్ధతులపై విజయవాడలోని ఒక ప్రైవేటు శిక్షణ సంస్థ మూడు ఆదివారాల తరగతి పెడుతోందని తెలిసి, ఈ వయసులో మళ్లీ చదువేమిటన్న ఇంట్లోవాళ్ల మాటను పక్కనపెట్టి, నాలుగున్నర వేల రూపాయలు ఫీజు కట్టి చేరాను. మూడు వారాలూ గుంటూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వెళ్లినవాడిగా, ఇప్పుడు చేరదామనుకునేవారికి పనికొస్తుందని ఈ అభిప్రాయం రాస్తున్నాను.

మొదటి ఆదివారం పెద్దగా దక్కింది లేదు. 1991లో డెన్మార్క్ తీరాన విండెబీ వద్ద 11 గాలిమరలతో ఈ కథ మొదలైన తీరు, మరల మధ్య వేసే కేబుళ్లు 33 కేవీ (కిలోవోల్టులు, అంటే వేల వోల్టులు) నుంచి 66 కేవీకి మారిన వైనం, సముద్రంలోనే వేదిక కట్టి అక్కడి సబ్‌స్టేషన్లో వోల్టేజీ పెంచి ఒడ్డుకు పంపే ఏర్పాటు, ఇవన్నీ బొమ్మలతో సాయంత్రం దాకా సాగదీశారు. రెండు గంటల్లో ముగించదగిన పాఠమది.

రెండో ఆదివారం మాత్రం పూర్తిగా వేరు. పాఠం చెప్పినాయన స్లైడ్లు ఆపేసి, సుద్దముక్క అందుకుని, 220 కేవీ కేబుల్‌ను లెక్కలోకి దించారు. గాలిలో వేలాడే లైన్‌కు, నేలలోనో నీటిలోనో పడుకున్న కేబుల్‌కు ఉన్న అసలు తేడా కెపాసిటెన్స్, అంటే విద్యుదావేశాన్ని తనలో నిలవ చేసుకునే గుణం. కిలోమీటరుకు 0.17 మైక్రోఫారడ్ అనుకుంటే, మన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ (ఏసీ కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క) అయిన 50 హెర్ట్జ్ వద్ద, కేబుల్‌ను నింపడానికే కిలోమీటరుకు సుమారు 6.8 ఆంపియర్ల ఛార్జింగ్ కరెంటు పారుతుంది. నూరు కిలోమీటర్లకు అది 680 ఆంపియర్లవుతుంది. కేబుల్ మోయగలిగింది 800 ఆంపియర్లే అయితే, మొత్తం ఛార్జింగ్ కరెంటు ఒక చివరి నుంచే పోతున్నప్పుడు (ఈ రెండు కరెంట్లూ నేరుగా కాక వర్గాలుగా కూడతాయి కనుక) అసలు పనికి మిగిలేది 425 ఆంపియర్లకు మించదు, అంటే దాదాపు 160 మెగావాట్లు. అదే రెండు చివర్లా రియాక్టర్లు (ఛార్జింగ్ కరెంటుకు విరుగుడుగా పనిచేసే తీగచుట్టలు) పెట్టి ఆ భారాన్ని చెరిసగం పంచితే 725 ఆంపియర్లు, సుమారు 275 మెగావాట్లు దక్కుతాయి. ఇంగ్లండ్ తూర్పు తీరానికి 120 కిలోమీటర్ల దూరాన ఉన్న హార్న్‌సీ వన్ అనే గాలిమరల కేంద్రానికి దారి మధ్యలో సముద్రంలోనే రియాక్టర్ల కోసం ప్రత్యేకంగా మరో వేదిక ఎందుకు కట్టవలసి వచ్చిందో, ఈ లెక్క చూశాక ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఈ సంస్థ పరువు తీసిన లోపం కూడా సరిగ్గా ఇక్కడే బయటపడింది. మా చేతికిచ్చిన నోట్సులో ఇదే లెక్క 60 హెర్ట్జ్‌తో అచ్చయింది. అలా చూస్తే కిలోమీటరుకు 8.1 ఆంపియర్లు, నూరు కిలోమీటర్లకు 810 పైచిలుకు. కేబుల్ మోయగలిగినదంతా ఛార్జింగ్‌కే చాలక, ఒక్క మెగావాటు కూడా ఒడ్డుకు చేరకూడదు. ఏ అమెరికా పుస్తకం నుంచో ఎత్తిరాసి, మన దేశపు ఫ్రీక్వెన్సీకి మార్చడం మరిచారు కాబోలు. నేను లేచి చూపిస్తే ఆయన హుందాగా ఒప్పుకుని బోర్డు మీద దిద్దారు గాని, మరుసటి వారం కొత్తగా చేరినవారికి ఆఫీసు గదిలో పంచిన నోట్సులో ఆ 60 అలాగే ఉంది.

దిశ మార్చుకుంటూ పారే ఏసీకి దూరం ఎక్కువైనకొద్దీ, ఈ ఛార్జింగ్ బాధ లేకుండా ఒకే దిశలో పారే డీసీయే దిక్కని చెప్పి, జర్మనీ తీరాన 125 కిలోమీటర్లు సముద్రంలోనూ 75 కిలోమీటర్లు నేల మీదా నడిచి 400 మెగావాట్లు మోసే బోర్విన్ వన్ అనే డీసీ లింకు సంగతి వివరించారు. అప్పుడు వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి, "సార్, విశాఖలో గాజువాక దగ్గర మనకు హెచ్‌వీడీసీ స్టేషన్ ఉంది కదండీ, అలాంటిదే సముద్రంలో పెడితే సరిపోదా?" అని అడిగింది. హెచ్‌వీడీసీ అంటే అధిక వోల్టేజీ డీసీ; అలాంటి స్టేషన్ ఏసీని డీసీగా, డీసీని ఏసీగా మారుస్తుంది. ఆ ప్రశ్నకిచ్చిన జవాబే ఈ కోర్సు మొత్తంలో నాకు నచ్చిన పది నిమిషాలు. గాజువాకలో ఆ మార్పిడి చేసేవి థైరిస్టర్లనే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు. వాటిని వెలిగించడమే మన చేతిలో పని, ఆర్పడానికి అవతలి ఏసీ గ్రిడ్ వోల్టేజీ ఆసరా కావాలి. అక్కడ రెండు వైపులా బలమైన గ్రిడ్‌లున్నాయి కనుక సాగిపోతోంది. నడిసముద్రంలో మరలు తప్ప గ్రిడ్ అన్నదే ఉండదు. అందుకని తానుగా వెలిగించి ఆర్పగల ఐజీబీటీలనే స్విచ్‌లతో వోల్టేజీని సొంతంగా సృష్టించే కన్వర్టర్ తప్పనిసరి. గాజువాక పేరెత్తి ఏళ్ల తరబడి మాట్లాడుకున్న నేను కూడా ఇంత తేటగా ఎన్నడూ వినలేదని ఒప్పుకుంటాను.

మూడో ఆదివారం 2019 ఆగస్టు 9న బ్రిటన్‌లో జరిగిన ఉదంతాన్ని తీసుకున్నారు. లండన్‌కు ఉత్తరాన ఒక లైన్ మీద పిడుగు పడింది, రిలేలు (లోపాన్ని పసిగట్టి లైన్‌ను విడదీయించే రక్షణ పరికరాలు) పదో వంతు సెకను లోపే దాన్ని తొలగించాయి. అక్కడితో ముగియవలసిన విషయం. కాని ఆ వోల్టేజీ కుదుపుకు హార్న్‌సీ వన్ కంట్రోల్ వ్యవస్థ అదుపు తప్పి ఊగిసలాడి, 737 మెగావాట్లు క్షణాల్లో పోయాయి. అదే సమయంలో ఒక గ్యాసు విద్యుత్ కేంద్రం కూడా ట్రిప్ కావడంతో (ఆగిపోవడంతో) 50 హెర్ట్జ్ ఉండవలసిన ఫ్రీక్వెన్సీ 48.8 హెర్ట్జ్‌కు పడిపోయి, పది లక్షల మందికి పైగా వినియోగదారులకు సరఫరా ఆగింది. (తొంభైలలో మన దక్షిణ గ్రిడ్ అంతకన్నా కిందనే రోజుల తరబడి ఈడ్చుకొచ్చిందని నేనంటే కుర్రాళ్లు నమ్మలేదు.) కేబుల్ బాగుంది, కరెంటు తెంచే బ్రేకర్లు బాగున్నాయి, తప్పంతా కంట్రోల్ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో ఉందన్న అంశం మీద ఆయన గంటన్నర నిలబడ్డారు, రిలే సెట్టింగులతో జీవితం గడిపినవాడికి అది విందు భోజనం.

ప్రకటనలో చెప్పిన సబ్‌స్టేషన్ సందర్శన జరగలేదు. అనుమతి రాలేదన్నారు, ఫీజులో మాత్రం తగ్గింపు లేదు. మధ్యాహ్న భోజనం ఫర్వాలేదు. కేబుల్ ఒడ్డెక్కే చోట ఇసుక కింద సొరంగంలా తొలిచి లాగే పని, లంగరు తగిలి కేబుల్ తెగితే ఓడను రప్పించి అతుకు వేయడానికి పట్టే కాలం గురించి దాదాపు ఏమీ చెప్పలేదు. నిజాంపట్నం, మచిలీపట్నం తుఫాన్లు ఎరిగిన ఈ ప్రాంతంలో ఆ పాఠం ముందుండాలి. మన దేశపు సంగతికి పావుగంటే కేటాయించారు: 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం 7,453 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించిందని, గుజరాత్, తమిళనాడు తీరాల్లో చెరో 500 మెగావాట్లు తలపెట్టారని, సముద్రం నుంచి ఒడ్డుకు తెచ్చే బాధ్యత కేంద్ర ప్రభుత్వ ట్రాన్స్‌మిషన్ సంస్థ పవర్‌గ్రిడ్‌దని చెప్పి వదిలేశారు. ఉద్యోగం మీద ఆశతో అప్పు చేసి ఫీజు కట్టిన ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లకు, మన రాష్ట్ర తీరం ఆ పథకంలో లేదన్న మాట మొదటి రోజే చెప్పి ఉండవలసింది.

సబ్‌స్టేషన్లోనో ప్రొటెక్షన్లోనో నాలుగేళ్లు చేసినవారికి రెండో, మూడో ఆదివారాల కోసం ఈ ఫీజు దండగ కాదు. ఇప్పుడే డిప్లొమా ముగించినవారు మాత్రం ముందు ఏసీ లైన్ లెక్కలు తిరగేసుకుని వెళ్లడం మంచిది. లేకపోతే సుద్దముక్క వేగాన్ని అందుకోలేరు. పెన్సిలుతో 50గా దిద్దుకున్న నా నోట్సును, ఆఖరి రోజు ఆ అమ్మాయి అడిగితే బస్టాండు దగ్గర జిరాక్సు తీయించి ఇచ్చాను.