గోడల మీద సూక్తులు, కౌంటర్లో 20 వేలు: చెన్నై కాలేజీలు చూసొచ్చాం

మతసంస్థలు నడిపే కాలేజీల్లో చదివితే పిల్లలకు విలువలు వస్తాయని మా బంధువుల్లో సగంమంది అంటారు. ఇంటర్ అయిన మావాడి డిగ్రీ కోసం నెల్లూరు నుంచి చెన్నై వెళ్లొచ్చాక నేను చెప్పేదేంటంటే, ఆ విలువలు ఉన్నాయో లేవో ఫీజు కౌంటర్ దగ్గరే తెలిసిపోతుంది.

ప్రయాణం సాఫీగా జరిగింది. సెంట్రల్ దగ్గర గది 1,650, శుభ్రంగానే ఉంది కానీ రాత్రంతా హారన్ల మోత.

ఒళ్లు మండింది మాత్రం శివార్లలోని ఒక సంస్థలో. క్యాబ్‌కే 780 అయింది. గేటు నుంచి రిసెప్షన్ దాకా ప్రతి గోడ మీదా ప్రేమ, సేవ, సత్యం అంటూ పెద్దపెద్ద అక్షరాలు. కౌంటర్లో అమ్మాయి కోర్సు గురించి రెండు ముక్కలు చెప్పిందో లేదో, "సీట్ బ్లాక్ చేసుకోండి సార్, 20 వేలు, సాయంత్రంలోపు కట్టకపోతే గ్యారంటీ లేదు" అని మొదలుపెట్టింది. చేరకపోతే తిరిగిస్తారా అని అడిగితే మొహం మారిపోయింది. ఫీజుల కాగితం అడ్మిషన్ అయ్యాకే ఇస్తారట. మూడేళ్లకు ఎంతవుతుందో చెప్పకుండా ముందు 20 వేలు కట్టమనడం, అదీ సత్యం అని రాసున్న గోడ కింద కూర్చుని! మావారు అసలే టిఫిన్ లేక చిరాగ్గా ఉన్నారు, నాలుగు మాటలు గట్టిగా అనేసి లేచొచ్చేశారు. అక్కడి జిమ్ తెగ నచ్చిన మావాడు దారంతా మాట్లాడలేదు.

నుంగంబాక్కంలో లయోలా చూశాం, 1925లో జెస్యూట్లు అనే కాథలిక్ క్రైస్తవ గురువుల సంఘం పెట్టింది. బాగుంది, కానీ మావాడు అడిగే కోర్సుకు పోటీ ఎక్కువ.

తాంబరంలోని మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి పార్క్ స్టేషన్ నుంచి లోకల్ ట్రైన్లో మనిషికి 10 రూపాయలు. 1837లో బడిగా మొదలైన సంస్థ, 1937లో జార్జ్‌టౌన్ నుంచి ఇక్కడికి వచ్చింది. 365 ఎకరాలు. చెట్ల మధ్య చుక్కల జింక ఒకటి చెవులు రిక్కించి మావైపు చూస్తూ నిలబడితే మావాడు జిమ్ సంగతి మర్చిపోయాడు. ఆఫీసులో ఒక పెద్దాయన ఎయిడెడ్ కోర్సులేవో, ఫీజుల మీదే నడిచే సెల్ఫ్ ఫైనాన్స్‌వి ఏవో విడమరిచి చెప్పారు. ఒకే ఆవరణలో ఈ రెంటికీ ఫీజు తేడా చాలా ఉంటుంది, ఎయిడెడ్‌లో లెక్చరర్ల జీతం ప్రభుత్వమే ఇస్తుంది కాబట్టి. ఎక్కడికెళ్లినా ఇదే మొదట అడగండి.

మా అత్తయ్య భయమల్లా, వాణ్ని చర్చికి తీసుకెళ్తారేమోనని. అక్కడి హాస్టల్ హెబర్ హాల్ దగ్గర కనిపించిన గుంటూరు కుర్రాణ్ని సూటిగా అడిగేశాను. "నన్నెవరూ రమ్మనలేదు ఆంటీ, మా వరండాలో అన్ని మతాలవాళ్లూ ఉన్నాం" అన్నాడు. చట్టం కూడా అదే. ప్రభుత్వ గుర్తింపు గానీ సహాయం గానీ ఉన్న విద్యాసంస్థలో ఇష్టం లేనివాళ్లను మతబోధకు, ప్రార్థనకు రమ్మని బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణంలో ఉంది. పిల్లలు మైనర్లయితే మన సమ్మతి కావాలి.

తిరుత్తణి వైపు తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ తత్త్వశాస్త్రం చదివింది ఈ కాలేజీలోనే. హిందూ ఆలోచనలో నీతికి చోటు లేదన్న మిషనరీల విమర్శకు జవాబుగా వేదాంతంలోని నీతి మీదే ఎంఏ వ్యాసం రాశారు, దాన్ని మెచ్చుకున్నది అక్కడి క్రైస్తవ ప్రొఫెసర్ ఏ.జి. హాగ్. తమ నమ్మకాన్ని దాచుకోకుండా, నీ నమ్మకాన్ని గట్టిగా ప్రశ్నించి, నువ్వు ఎదురు చెప్తే మార్కులు తగ్గించని చదువు. నేను డబ్బు పెట్టేది దానికి.

తాంబరంలో ఎయిడెడ్ సీటుకే దరఖాస్తు పెడుతున్నాం. మీరు వెళ్తే గది సెంట్రల్ దగ్గర వద్దు, తాంబరం వైపే తీసుకోండి. ఇలాంటి క్రైస్తవ మైనారిటీ సంస్థల్లో కొన్ని సీట్లు క్రైస్తవ పిల్లలకు కేటాయిస్తారు, మిగతావాళ్లకు ఎన్ని ఉంటాయో ముందే అడగండి. రసీదు ఇవ్వనిదే ఎక్కడా రూపాయి కట్టకండి.