పదేళ్ల క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ, రెండు క్లెయిములు

2014లో, నా 51వ ఏట, పది లక్షలకు క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ తీసుకున్నాను, అంటే పాలసీలో రాసిన పెద్ద జబ్బేదైనా వస్తే మొత్తం డబ్బు ఒకేసారి ఇచ్చేది. కంపెనీ పేరు రాయడం లేదు. క్యాన్సర్ నిర్వచనం మాత్రం బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించినదే.

2019లో హెర్నియా ఆపరేషన్‌కి ముందు రక్తపరీక్ష చేస్తే తెల్లకణాలు 38 వేలు వచ్చాయి. రక్తకణాల రకాన్ని తేల్చే ఫ్లో సైటోమెట్రీ పరీక్ష చేసి సీఎల్‌ఎల్ అన్నారు, అంటే క్రానిక్ లింఫోసైటిక్ ల్యుకేమియా. మెడ దగ్గర గడ్డలు తప్ప నాకు వేరే బాధేమీ లేదు. "ఇప్పుడు మందులేమీ అక్కర్లేదు, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోండి" అన్నారు డాక్టరుగారు. బ్లడ్ క్యాన్సర్ అంటూనే మందు వద్దనేసరికి ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్రపట్టలేదు.

క్యాన్సరే కదా అని క్లెయిమ్ పెట్టాను. నలభై రోజులకి కుదరదని ఉత్తరం వచ్చింది. పాలసీ మినహాయింపుల్లో ఒక్క వాక్యం ఉంది: రాయ్ స్టేజ్ 3 కంటే తక్కువైన సీఎల్‌ఎల్‌కి చెల్లింపు ఉండదు. రాయ్ అంటే ఈ జబ్బు ఎంత ముదిరిందో చెప్పే లెక్క. అందులో లింఫోసైట్లనే తెల్లకణాలు పెరగడం ఒక్కటే ఉంటే 0, గ్రంథులు ఉబ్బితే 1, ప్లీహమో కాలేయమో పెరిగితే 2. జబ్బు వల్ల హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే 3, ప్లేట్‌లెట్లు లక్షకు దిగువన పడితే 4. నాది 1. ఐదేళ్లు ప్రీమియం కట్టించుకున్న ఏజెంటు ఈ మాట ఒక్కసారైనా చెప్పలేదు. దానికి నాకు ఇప్పటికీ బాధే. ఆసుపత్రిలో పరిచయమైన ఒకతనిది సీఎంఎల్, అంటే క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా. దానికి ఈ స్టేజ్ షరతు లేదు, అతనికి డబ్బు వచ్చింది. మనం రెండింటినీ బ్లడ్ క్యాన్సరనే అంటాం.

బీమా కంపెనీల మీద ఫిర్యాదులు వినే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి హైదరాబాద్‌కి రాద్దామనుకున్నాను, దానికి ఫీజు కూడా ఉండదు. కానీ షరతు అంత స్పష్టంగా ఉన్నాక ఏమని రాయను? పాలసీ వదిలేద్దామంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. "జబ్బొచ్చిన మనిషికి కొత్త పాలసీ ఎవరిస్తారండీ? ఇది కట్టండి" అంది. ఆ మాటే మమ్మల్ని కాపాడింది.

2023లో మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. హిమోగ్లోబిన్ 10.2, నెల తిరిగేసరికి 9.8. ఈసారి తొందరపడలేదు. రక్తం ఎందుకు తగ్గిందో తేల్చే ఐరన్, బి12, కూంబ్స్ పరీక్షలు, బోన్‌మ్యారో (మూలుగ) పరీక్ష అన్నీ అయ్యాక డాక్టరుగారిని ఒక్క పేజీ ఉత్తరం అడిగాను. రక్తం తగ్గింది ఐరన్ లోపం వల్ల కాదని, మూలుగలో జబ్బు పెరగడం వల్లేనని, స్టేజ్ 3 అని, ఏ తేదీన తేలిందో కూడా రాసిచ్చారు. కంపెనీ సరిగ్గా అవే ప్రశ్నలు అడిగింది. మా పాలసీలో నిర్ధారణ తర్వాత 30 రోజులు బతికి ఉండాలన్న షరతు కూడా ఉంది కాబట్టి ఆ తేదీ చాలా ముఖ్యం.

రెండు నెలలకి పది లక్షలూ ఖాతాలో పడ్డాయి, పాలసీ అక్కడితో ముగిసింది. ఒక్క బిల్లూ అడగలేదు. ఆసుపత్రి ఖర్చుకి మెడిక్లెయిమ్ వేరే ఉంది, అది లేకుండా ఇదొక్కటే తీసుకోవద్దని చెబుతాను. అప్పటికే రిటైరైన నాకు మాత్రలు, తెనాలి నుంచి హైదరాబాద్‌కి కారు కిరాయిలు, తోడుగా వచ్చేవాళ్ల ఖర్చులు ఈ డబ్బుతోనే గడిచాయి. పోయిన నెల హిమోగ్లోబిన్ 12.4.

మా తమ్ముడికీ ఇలాంటి పాలసీయే ఉంది. మొన్న వాడింటికెళ్లినప్పుడు క్యాన్సర్ మినహాయింపుల పేజీ తీయించి, పక్కన కూర్చుని వాడిచేత పూర్తిగా చదివించాను.