ఈ అక్షరాలతో ఇంగ్లీషు మాట కావాలి: డిక్షనరీయా, నోటుపుస్తకమా, ఫోనా?

మా విజయవాడ సత్యనారాయణపురంలో పిల్లలు స్క్రాబుల్ (అక్షరాల బిళ్లలతో ఇంగ్లీషు మాటలు కట్టే ఆట) బోర్డు పరిస్తే పెద్దవాళ్లని అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఈ అక్షరాలున్న మాట ఏదైనా ఉందా?" వినడానికి ఒకే ప్రశ్నలా ఉంటుంది గానీ, అందులో మూడు ఉన్నాయి. చేతిలో ఉన్న అక్షరాలతోనే మాట కట్టాలా? ఈ అక్షరాలు తప్పనిసరిగా ఉండి, మిగతావి ఏవైనా రావచ్చా? లేక ఏ అక్షరం ఎన్నో స్థానంలో ఉందో ముందే తెలుసా? మొదటిది స్క్రాబుల్, మూడోది క్రాస్‌వర్డ్. ఏ పద్ధతి మేలన్నది ముందు ఈ తేడా చూసుకుంటేనే తేలుతుంది.

అచ్చు డిక్షనరీ సంగతి త్వరగా చెప్పేయొచ్చు. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో తక్కువ ధరకే మంచి ప్రతి దొరుకుతుంది, ఇంట్లో ఉండాల్సిందే. కానీ అది మొదటి అక్షరం వరసలో పేర్చిన పుస్తకం. మధ్యలో క్యూ, చివర ఎక్స్ ఉన్న మాట కావాలంటే పేజీలన్నీ తిరగేయాలి. వెతకడానికి కాదు, దొరికిన మాటకి అర్థం, ఉచ్చారణ చూసుకోవడానికే దాన్ని వాడండి.

నేర్చుకోవడానికైతే నా ఓటు అక్షరాలు రాసుకుని పేర్చి చూసే నోటుపుస్తకానికే. స్క్రాబుల్‌ని రూపొందించిన ఆల్ఫ్రెడ్ బట్స్ పత్రికల్లో ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందో లెక్కగట్టి బిళ్లల సంఖ్య నిర్ణయించాడు. మొత్తం 100 బిళ్లల్లో 'ఈ' (E) 12, 'ఏ' (A), 'ఐ' (I) తొమ్మిదేసి, ఎన్, ఆర్, టి ఆరేసి ఉంటాయి. ఉదాహరణకి ఏ, ఈ, ఐ, ఎన్, ఆర్, ఎస్, టి అనే ఏడూ చేతిలో ఉన్నాయనుకోండి. ఏడూ ఒకేసారి వాడితే 50 పాయింట్లు అదనం. అయితే ఈ ఏడక్షరాలని 5,040 రకాలుగా పేర్చవచ్చు. అన్నీ ప్రయత్నించడం ఎవరి తరమూ కాదు. మాట చివర తరచుగా వచ్చే ముక్కని ముందు పక్కకి తీసి పెట్టాలి. ఈ-ఆర్ తీసేస్తే మిగిలినవాటితో 'స్టెయిన్' కనిపిస్తుంది, కలిపితే 'స్టెయినర్'. ఐ-ఈ-ఆర్ తీస్తే 'నాస్టియర్'. ఎస్ ఒక్కటే చివర పెడితే 'రిటెయిన్స్', 'రెటినాస్'. ఇలా వారం రోజులు చేసిన పిల్లలకి ముక్కలు వాటంతటవే కళ్లకి కనపడతాయి.

ఇక్కడ తెలుగు పిల్లలకి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మనం పలికినట్టే రాసే భాషలో పెరిగాం, కాబట్టి అక్షరాలు చూడగానే చెవితో వెతుకుతాం. ఈ, ఐ, ఎల్, ఎన్, ఎస్, టి ఇస్తే 'సైలెంట్' వెంటనే తడుతుంది. 'లిజన్' తట్టదు, ఎందుకంటే దాని టి పలకదు. దీనికి మందు అక్షరాలని ఇంగ్లీషు అక్షరమాల వరసలో రాసుకోవడం. లిజన్, సైలెంట్, ఎన్‌లిస్ట్, టిన్సెల్ నాలుగింటి అక్షరాలూ వరసలో పెడితే ఒకే గుత్తి (EILNST) అవుతాయి. ఆ గుత్తి పైన, దానికింద మాటలు రాసుకుంటూ పోతే అదే మీ సొంత పట్టిక. ఫోన్‌లోని యాప్‌లు కూడా ఈ కిటుకుతోనే వేగంగా పనిచేయగలవు.

ఇక ఫోను. అక్షరాలు కొడితే మాటల జాబితా ఇచ్చే యాప్‌లు మొదటి ప్రశ్నకి రెప్పపాటులో జవాబిస్తాయి. ఆట మధ్యలో వాడితే అది ఆటే కాదు. ఆట అయ్యాక ఏం వదిలేశామో చూసుకోవడానికి వీటిని మించినవి లేవు. ఒక్క జాగ్రత్త: యాప్ ఏ జాబితాతో పనిచేస్తోందో చూడండి. మన దేశంలో పోటీలు కాలిన్స్ డిక్షనరీ వాళ్ల మాటల జాబితాతో జరుగుతాయి. జెడ్-ఓ అనే రెండక్షరాల మాట అందులో చెల్లుతుంది, అమెరికా జాబితాలో చెల్లదు. తప్పు జాబితా మీద నెలల తరబడి సాధన చేస్తే బోర్డు దగ్గర నష్టపోయేది పిల్లలే.

రెండో, మూడో ప్రశ్నలకి మాత్రం వన్‌లుక్ వెబ్‌సైటే మేలు, అదీ ఉచితం. తెలియని ఒక్కో అక్షరానికి ఒక ప్రశ్న గుర్తు, ఎన్ని అక్షరాలైనా రావచ్చంటే నక్షత్రం గుర్తు. ప్రశ్న గుర్తు, ఆర్, రెండు ప్రశ్న గుర్తులు, ఈ (?r??e) అని కొడితే 'క్రేన్', 'గ్రేప్', 'డ్రైవ్' లాంటివి వస్తాయి. కామా పెట్టి షరతులు కలపొచ్చు కూడా. ఐదు అచ్చులకీ ఒక్కోదానికి అటూ ఇటూ నక్షత్రం పెట్టి, మధ్యలో కామాలతో ఇస్తే 'ఎడ్యుకేషన్', 'సెకోయా', 'కాలిఫ్లవర్' లాంటివి దొరుకుతాయి. 'ఫసీషియస్‌'లో అయితే ఆ ఐదూ అక్షరమాల వరసలోనే ఉంటాయి! చివర మైనస్ గుర్తు పెట్టి కొన్ని అక్షరాలు రాస్తే అవి లేని మాటలే చూపిస్తుంది. వర్డిల్ (ఐదక్షరాల మాటని ఊహించే ఆట) ఆడేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి?

చాట్‌బాట్‌ని అడగొచ్చా అని చాలామంది తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఈ పనికి మాత్రం వద్దంటాను. అవి మాటని అక్షరం అక్షరంగా కాక ముక్కలుగా చదువుతాయి, అందుకే లేని అక్షరం ఉందని నమ్మకంగా చెప్పేయగలవు. అడిగితే, ఇచ్చిన ప్రతి మాటనీ పిల్లల చేత వేలు పెట్టి అక్షరాలు లెక్కపెట్టించండి, తర్వాత డిక్షనరీలో చూపించండి.

ఆరో తరగతి లోపు పిల్లలున్న ఇంట్లో నోటుపుస్తకం, డిక్షనరీ చాలు. పోటీలకి వెళ్లాలనుకునే పిల్లలకి కాలిన్స్ జాబితా ఉన్న యాప్ తోడవ్వాలి. క్రాస్‌వర్డ్ పూరించే పెద్దవాళ్లు వన్‌లుక్ గుర్తులు నేర్చుకోవడానికి ఒక్క సాయంత్రం పెడితే సరిపోతుంది.