నాన్న చెవి వెనక మిషన్, కడప ఎండలో
నాన్నకు ఎప్పటినుంచో చెవిలో చీము. మామూలు వినికిడి మిషన్ పెడితే చెవి మూసుకుపోయి ఇంకా కారేది, అందుకే ఎముక ద్వారా వినిపించే ఇంప్లాంట్ పెట్టించాం. లోపలి భాగం చెవి వెనక చర్మం కింద ఎముకలో ఉంటుంది, శబ్దాన్ని పట్టే బయటి మిషన్ (ప్రాసెసర్) అయస్కాంతంతో అతుక్కుంటుంది, శబ్దం కంపనంగా మారి కర్ణభేరితో పనిలేకుండా నేరుగా లోచెవికి చేరుతుంది. కనీసం ఒక లోచెవైనా బాగుంటేనే లాభం, ముందు ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించుకోండి.

ఆన్ చేయగానే "ఈ ఫ్యాను ఇంత మోత చేస్తాదా?" అన్నాడు. ఇంట్లో మాటలు బ్రహ్మాండం, ఏడురోడ్ల కూడలిలో మాత్రం హారన్లే ముందు. తలకు తువ్వాలు చుట్టుకుంటే ప్రాసెసర్ ఊడిపడుతోంది, సేఫ్టీ దారం చొక్కాకు తగిలించాల్సిందే. స్నానానికి తీసెయ్యాలి, ఎంఆర్‌ఐ అంటే ముందే చెప్పాలి. ధర మాత్రం వాతే! చెమటకు అయస్కాంతం కింద చర్మం ఎర్రబడితే తక్కువ పట్టున్నది మార్పించాం, ఇప్పుడు పర్లేదు.