ఎస్పీ రోడ్డు 8085 ట్రైనర్ కిట్: స్టాక్‌కూ బిట్లకూ ఎంత పనికొస్తుంది?

బెంగళూరు ఎస్పీ రోడ్డులో, అంటే సదర్ పత్రప్ప రోడ్డులో, నాలుగు షాపులు తిరిగితే 8085 అనే ఎనిమిది బిట్ల మైక్రోప్రాసెసర్‌ను నేర్చుకునే ట్రైనర్ కిట్లు కొత్తవీ పాతవీ కనిపిస్తాయి. ఇక్కడ చెప్పేది మామూలు మోడల్ గురించి: హెక్స్ కీప్యాడ్, ఆరు సెవెన్ సెగ్మెంట్ అంకెలు, 8 కేబీ ర్యామ్, బయటి పరికరాలు కలుపుకునే పోర్టుల చిప్పు 8255 ఒకటి. అసెంబ్లీలో (ప్రాసెసర్ సొంత ఆదేశాలతో ప్రోగ్రామ్ రాయడంలో) స్టాక్, అంటే చివర దాచింది ముందు బయటికి వచ్చే మెమొరీ భాగం, పట్టుబడాలంటే దీనికి సాటి లేదు. సిమ్యులేటర్ ఉచితమే, కానీ చాలావాటిలో 64 కేబీ మొత్తం ర్యామే. ఎక్కడ పుష్ చేసినా (స్టాక్‌లో విలువ పెట్టినా) పని జరిగిపోతుంది. కిట్‌లో అలా కాదు. ఒకచోట ఈప్రామ్ (చదవడానికే తప్ప ప్రోగ్రామ్ రాయలేని మెమొరీ), ఒకచోట ర్యామ్, మిగతాచోట చిప్పే లేదు. స్టాక్ ఎక్కడ పెట్టాలో ఆలోచించక తప్పదు.

ఈ మోడల్లో ర్యామ్ 8000 దగ్గర మొదలవుతుంది (అడ్రసులు, బైట్లు అన్నీ హెక్స్‌లోనే). డబ్బు ఇచ్చేముందు షాపులోనే 8000 నుంచి ఈ ఎనిమిది బైట్లు వేయించండి: 31, 02, 87, 01, 34, 12, సీ5, సీఎఫ్. వీటి అర్థం: ఎల్‌ఎక్స్‌ఐ ఎస్‌పీ 8702 (స్టాక్ ఎక్కడుందో చెప్పే ఎస్‌పీలో 8702 పెట్టు), ఎల్‌ఎక్స్‌ఐ బీ 1234 (బీసీ రిజిస్టర్ జతలో 1234 పెట్టు), పుష్ బీ (ఆ జతను స్టాక్‌లో పెట్టు), చివర ఆర్‌ఎస్‌టీ 1 (మానిటర్‌కు, అంటే కిట్‌ను నడిపే సొంత ప్రోగ్రామ్‌కు, తిరిగి వెళ్లు). రన్ చేశాక 8701లో 12, 8700లో 34 కనిపించాలి. ముందు ఎస్‌పీ ఒకటి తగ్గుతుంది, పై బైటు పడుతుంది. ఇంకొకటి తగ్గుతుంది, కింది బైటు పడుతుంది. పేరుకు కంచాల దొంతరే, కానీ పెరిగేది కిందికి. 8702లో ఏమీ పడదు. చాలామంది అక్కడే వెతికి కిట్ చెడిపోయిందనుకుంటారు.

పుష్ తర్వాత డీ1, అంటే పాప్ డీ (స్టాక్‌లోంచి డీఈ జతలోకి తీయడం), చేర్చి చూస్తే ఒక చిక్కు వస్తుంది. డీఈ జతలో 1234 సరిగ్గానే ఉంటుంది, కానీ 8701, 8700లో పాత విలువలు పోయి ఇంకేవో ఉంటాయి. పాప్ వాటిని చెరపదు. పాప్ అయ్యాక ఎస్‌పీ మళ్లీ 8702కి వచ్చింది. ఆర్‌ఎస్‌టీ కూడా ఒక కాల్ (తిరిగి రావాల్సిన చోటు దాచుకుని వేరే చోటికి వెళ్లడం) లాంటిదే కాబట్టి తిరుగు అడ్రసు 8009ని తెచ్చి అదే చోట పెడుతుంది. కొన్ని మానిటర్లు దాని మీద రిజిస్టర్లు కూడా రాస్తాయి. పాప్ చేసిన డేటా స్టాక్‌లో ఇంకా ఉందని నమ్మకూడదనే సంగతి ఇంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు.

ఎక్కువగా జరిగే తప్పు బైట్ల వరస. 8085లో అడ్రసు కింది బైటు ముందు వేయాలి. 31 తర్వాత 02, 87 వేయాల్సిందిపోయి 87, 02 వేస్తే ఎస్‌పీ 0287 అవుతుంది. అది మానిటర్ ఈప్రామ్ ఉన్న చోటు. పుష్ రాసింది ఎక్కడా నిలవదు. కాల్ చేశాక రిటర్న్ వస్తే, తిరుగు అడ్రసు బదులు మానిటర్ కోడ్‌లోని రెండు బైట్లు పీసీలోకి (తర్వాతి ఆదేశం అడ్రసు ఉండే రిజిస్టర్‌లోకి) వెళ్తాయి, డిస్‌ప్లే బిగుసుకుపోతుంది. రీసెట్ నొక్కి ముందు 8001, 8002 చూడండి.

ఇక బిట్లు. ఫ్లాగులను, అంటే లెక్క ఫలితం ఎలా ఉందో చెప్పే బిట్లను, చూడ్డానికి వేరే ఇన్‌స్ట్రక్షన్ లేదు, స్టాక్ మీదుగానే రావాలి: పుష్ పీఎస్‌డబ్ల్యూ (ఏ రిజిస్టర్, ఫ్లాగులు కలిపి), పాప్ బీ, మూవ్ ఏ,సీ. అప్పుడు ఏలో ఎస్ (సైన్), జెడ్ (జీరో), ఏసీ (కింది నాలుగు బిట్ల నుంచి వచ్చే క్యారీ), పీ (ప్యారిటీ), సీవై (క్యారీ) వరసగా 7, 6, 4, 2, 0 బిట్లలో ఉంటాయి. మిగిలిన 5, 3, 1 బిట్లను నమ్మకూడదు. పాత ప్రాసెసర్ 8080లో అవి స్థిరం, 8085లో కాదు. అందుకే ఏఎన్‌ఐ డీ5తో మాస్క్ చేయాలి, అంటే ఆ బిట్లను సున్నా చేయాలి. ఏలో 0ఎఫ్ పెట్టి ఏడీఐ 01 చేసి (1 కూడి) ఇలా చూస్తే జవాబు 10, అంటే ఏసీ ఒక్కటే 1. ఈ లెక్క చేతిమీద వేసుకుని, తర్వాత కిట్‌లో సరిచూసుకోవాలి.

రొటేట్లలో (ఏలోని బిట్లను తిప్పే ఆదేశాల్లో) 07, 17 మధ్య తేడా ఒక్క అంకె. 07 ఆర్‌ఎల్‌సీ, ఎనిమిదిసార్లు తిప్పితే ఏ మొదటికి వస్తుంది. 17 ఆర్‌ఏఎల్, క్యారీ మీదుగా తిరుగుతుంది కనుక తొమ్మిది కావాలి. లాజికల్ రైట్ షిఫ్ట్ (ఎడమ నుంచి సున్నా చేర్చి బిట్లను కుడికి జరపడం) 8085లో లేదు. ఓఆర్‌ఏ ఏతో క్యారీ సున్నా చేసి ఆర్‌ఏఆర్ (క్యారీ మీదుగా కుడికి తిప్పడం) వాడాలి. ఎడమకైతే ఏడీడీ ఏ చాలు.

8255కు ఎల్‌ఈడీ బోర్డు కలుపుకుంటే పోర్టు సీ బిట్ సెట్, రీసెట్ బాగా అర్థమవుతాయి. మోడ్ పదం 80 (పోర్టులన్నీ అవుట్‌పుట్) వేశాక కంట్రోల్ రిజిస్టర్‌కు 07 పంపితే 3వ నంబరు బిట్ (0 నుంచి లెక్క) వెలుగుతుంది, 06 పంపితే ఆరుతుంది, మిగతావి కదలవు. ఆ 07నే పోర్టు సీ అడ్రసుకు పంపితే మాత్రం ఎల్‌ఈడీల తీరంతా మారిపోతుంది. ప్రతిసారీ మోడ్ పదం తిరిగి వేసినా అవుట్‌పుట్లన్నీ సున్నా అవుతాయి.

హార్డ్‌వేర్ సంగతి: 8085 40వ (5 వోల్టులు), 20వ (గ్రౌండ్) కాళ్ల మధ్య మల్టీమీటర్ పెట్టండి. 4.75 వోల్టుల కన్నా తగ్గితే ప్రోగ్రామ్ ఒకసారి నడిచి ఒకసారి నడవదు, తప్పు కోడ్‌ది అనుకుని గంటలు పోతాయి. పాత కిట్ అయితే నికెల్ కాడ్మియం బ్యాటరీ చుట్టూ పచ్చటి చిలుము ఉందేమో చూడాలి, దాని కింద ట్రాకులు తినేసి ఉంటాయి. కీప్యాడ్‌లో ప్రతి కీ నొక్కండి. ఒక్క నొక్కుకు రెండు అంకెలు పడితే వదిలేయండి. చిప్పులు సాకెట్లలో ఉన్న బోర్డే మేలు, సోల్డర్ చేసిన ర్యామ్ పోతే బోర్డే పోయినట్టు.

మాన్యువల్ లేకుండా మాత్రం తీసుకోవద్దు. ర్యామ్ ఎక్కడ మొదలు, మానిటర్ తనకు ఉంచుకున్న భాగం ఏది, ప్రోగ్రామ్ చివర ఏ ఆర్‌ఎస్‌టీ, 8255 పోర్టు నంబర్లు ఏవి. ఈ నాలుగూ కిట్‌కూ కిట్‌కూ మారతాయి. కనీసం ఆ పేజీ జిరాక్స్ అయినా అడిగి తీసుకోండి.