ఆరేళ్ళుగా రోజూ రాత్రి మేకప్ తీస్తున్నా: సబ్బు, వైప్స్, మైసెల్లార్ వాటర్, కొబ్బరినూనె, బామ్ అన్నీ వాడాక నా మాట

నేను విజయవాడలో పట్టుచీరల షోరూంలో సేల్స్‌లో చేస్తాను. యూనిఫాం చీరతో పాటు మేకప్ కూడా కంపల్సరీ మాకు, పొద్దున పదింటికి ఫ్లోర్ మీదకి వచ్చేసరికి ఫౌండేషన్, కాంపాక్ట్, కాటుక, ఐలైనర్, లిప్‌స్టిక్ అన్నీ ఉండాలి, లేకపోతే పైకెళ్ళి వేసుకుని రా అంటారు. పెళ్ళిళ్ళ సీజన్లో అయితే తొమ్మిదిన్నరకి షట్టర్ దించాక కస్టమర్లు విప్పించిన చీరలన్నీ మళ్ళీ మడతలు పెట్టి, షేర్ ఆటో పట్టుకుని ఇంటికొచ్చేసరికి పదిన్నర దాటుతుంది. కాబట్టి ఈ రివ్యూ పదిన్నరకి కాళ్ళు పీకుతుంటే, అన్నం కూడా తినాలనిపించని మనిషి రాస్తున్నది. సాయంత్రం ఆరింటికి తీరిగ్గా అద్దం ముందు కూర్చునేవాళ్ళకి ఇందులో కొన్ని పనికిరావు.

మొదటి రెండేళ్ళు నేను చేసింది ఒక్కటే, ఒంటి సబ్బు పెట్టి మొహం రుద్దేయడం. పోయేది కాదు. పోయినట్టు కనపడేది, పొద్దున లేచి చూస్తే దిండు గలీబు మీద రెండు నల్ల మరకలు, మా అమ్మ గలీబులు ఉతకలేక నా దిండుకి ముదురు నీలం గుడ్డతో కుట్టించేసింది. వాటర్‌ప్రూఫ్ అని రాసున్న కాటుకలో మైనాలు, సిలికాన్‌లు ఉంటాయి, నీళ్ళకి కరగకుండా ఉండాలనే కదా వాటిని వేసేది, మరి నీళ్ళు కొట్టి రుద్దితే ఎలా పోతుంది. పైగా మామూలు సబ్బు పీహెచ్, అంటే ఆమ్లమా క్షారమా చెప్పే అంకె, 9, 10 దగ్గర ఉంటుంది, మన చర్మం 5 దగ్గర, కాస్త ఆమ్లంగా ఉంటుంది. అందుకే కడుక్కున్న ఐదు నిమిషాలకి మొహం అప్పడంలా బిగుసుకుపోయేది. మాది బోరు నీళ్ళ అపార్ట్‌మెంట్, ఆ ఉప్పదనానికి సబ్బు సరిగ్గా నురగ రాదు, బకెట్‌కి పట్టే తెల్ల తెట్టు లాంటిదే మొహానికీ పడుతుంది. అది కూడా శుభ్రం అనుకునేదాన్ని అప్పట్లో.

తర్వాత కంటిరెప్ప మీద కురుపు లేచింది. ఒకటి తగ్గింది, నెల తిరక్కుండా రెండోది. కంటి డాక్టరు దగ్గరికెళ్తే ఆవిడ రెప్ప కిందకి లాగి చూసి, రెప్పల అంచున నూనె గ్రంథుల సన్న రంధ్రాలు ఉంటాయమ్మా, కాటుక సరిగ్గా వాటి మీదే పూస్తున్నావు, రాత్రి తీయకుండా పడుకుంటే మూసుకుపోవా అన్నారు. గోరువెచ్చటి నీళ్ళ గుడ్డతో కాపడం పెట్టుకోమన్నారు, కొన్నాళ్ళు కాటుక మానేయమన్నారు. మానేస్తే షోరూంలో ఊరుకోరు కాబట్టి రెప్ప లోపలి అంచున పెట్టడం మానేసి బయట వెంట్రుకల కింద మాత్రం పెట్టడం మొదలుపెట్టా. ఆ రోజు నుంచే ఈ తీయడం గురించి సీరియస్‌గా పట్టించుకున్నా.

ముందు వైప్స్ కొన్నా, ప్యాకెట్లో వచ్చే మేకప్ తుడిచే తడి గుడ్డముక్కల్లాంటివి. ఎనిమిది నెలలు వాడా, నిజం చెప్పాలంటే ఎనిమిది నెలలూ హ్యాపీగానే ఉన్నా. ఆటోలోనే తుడిచేసుకోవచ్చు, ఇంటికొచ్చి మంచమెక్కేయచ్చు, అంతకంటే ఏం కావాలి. కానీ ఒకరోజు తుడుచుకున్నాక అనుమానమొచ్చి దూది తడిపి మళ్ళీ తుడిస్తే గోధుమ రంగులో వచ్చింది ఫౌండేషన్ అంతా. వైప్ సగం తీస్తుంది, మిగతా సగాన్ని మొహమంతా సమానంగా పరుస్తుంది, అంతే. కళ్ళ దగ్గర అయితే గట్టిగా ఐదారు సార్లు రాస్తే గానీ రాదు, ఆ రాపిడికి నాకు కళ్ళ చుట్టూ చర్మం ఎర్రగా అయి, గరుకు పడింది. ప్యాకెట్ మీది స్టిక్కర్ మూత సరిగ్గా అతకకపోతే వారంలో ఎండిపోతాయి కూడా. ఇప్పుడు రైలు ప్రయాణాలకి ఒక ప్యాకెట్ ఉంచుకుంటా, అంతకుమించి వద్దు. అన్నట్టు వీటిని బాత్రూం కమోడ్‌లో వేయకండి, చాలావాటిలో పాలిస్టర్ పోగులు ఉంటాయి, కాగితంలా నానిపోవు, మా కింద ఫ్లాట్ వాళ్ళ పైపు విషయంలో నాకు అనుభవం ఉంది, వివరాలొద్దు.

మైసెల్లార్ వాటర్ దాదాపు రెండేళ్ళు వాడా. చూడ్డానికి మామూలు నీళ్ళే, లోపల మాత్రం సబ్బు జాతి పదార్థం చాలా తక్కువగా, కంటికి కనపడని చిన్న చిన్న ఉండలుగా ఉంటుంది, ఆ ఉండల లోపలి వైపు నూనెని, రంగుని పట్టుకుంటుంది, బయటి వైపు నీళ్ళతో ఉంటుంది, దూదికి ఆ మొత్తం అంటుకుని వచ్చేస్తుంది. ఫ్రాన్స్‌లో బయోడెర్మా వాళ్ళు 1995లో మొదలెట్టారు దీన్ని, ఇప్పుడు అన్ని కంపెనీలవీ మన మందుల షాపుల్లో కూడా దొరుకుతున్నాయి. నాకు దీనిలో నచ్చింది ఏంటంటే రుద్దక్కర్లేదు. దూది తడిపి కంటి మీద పెట్టి ఇరవై అంకెలు లెక్కపెట్టి, కిందకి ఒక్కసారి లాగితే చాలు, ఐలైనర్ మొత్తం దూది మీద ముద్ర పడినట్టు వస్తుంది, ఆ ఇరవై లెక్కపెట్టే ఓపిక లేక రుద్దితే మాత్రం వైప్స్‌కీ దీనికీ తేడా ఏం లేదు.

సీసా మీద కడగక్కర్లేదు అని ఉంటుంది. నేను అది నమ్మి ఆర్నెల్లు కడగలేదు. దవడల దగ్గర, చెవుల ముందు చిన్న చిన్న పొక్కులు రావడం మొదలైంది, ఎండల వల్ల అనుకున్నా, మామిడిపళ్ళు తిన్నందుకు అనుకున్నా, మా అమ్మ అయితే దిష్టి అంది. చివరికి తట్టిందేంటంటే, ఆ సబ్బు జాతి పదార్థం మొహం మీదే ఉండిపోతోంది కదా, రాత్రంతా దాంతోనే పడుకుంటున్నా. తర్వాత నుంచి తుడుచుకున్నాక మామూలుగా నీళ్ళతో, కాస్త మైల్డ్ ఫేస్‌వాష్‌తో కడగడం మొదలెడితే నెలలో తగ్గిపోయాయి. అందరికీ అలాగే అవుతుందని చెప్పను, నాకు అయ్యింది. రెండో ఇబ్బంది ఖర్చు. నా మేకప్‌కి రోజుకి నాలుగు దూది బిళ్ళలు పడతాయి, 400 మి.లీ. సీసా నెలా ఇరవై రోజులకి అయిపోతుంది, దూది ఖర్చు వేరే.

ఇక కొబ్బరినూనె. దీని మీద ఇంట్లో నేనే అందరికంటే ఎక్కువ వెక్కిరించా, ఇప్పుడు నేనే వాడుతున్నా కాబట్టి కాస్త సిగ్గుగానే ఉంది. మా పెదనాన్న ఊళ్ళో పద్యనాటకాలు వేసేవారు, తెల్లవార్లూ నాటకం, తెల్లారి ఐదింటికి అరుగు మీద కూర్చుని దోసిట్లో కొబ్బరినూనె పోసుకుని మొహానికి మెత్తేసి, పాత పంచె ముక్కతో తుడుచుకునేవారు, ఆ మందపాటి రంగంతా గుడ్డకి వచ్చేసి కింద నుంచి మా పెదనాన్న మొహం బయటపడేది, చిన్నప్పుడు అది చూడ్డానికే లేచేవాళ్ళం. దానికి మించిన ఐడియా ఏ కంపెనీకీ రాలేదు నా లెక్కలో. నూనెతో చేసినవి నూనెకే కరుగుతాయి. అర చెంచా నూనె పొడి చేతుల్లో వేసుకుని, పొడి మొహం మీద, తడి అస్సలు ఉండకూడదు, ఒక పాటలో పల్లవీ ఒక చరణం అయ్యేంత సేపు మెల్లగా తిప్పితే వాటర్‌ప్రూఫ్ కాటుక కూడా బురదలా జారిపోతుంది. మెత్తటి పాత కాటన్ గుడ్డ గోరువెచ్చటి నీళ్ళలో పిండి తుడుచుకోవాలి.

చిక్కంతా తర్వాతే. ఉత్త కొబ్బరినూనె నీళ్ళలో కలవదు, ఎన్ని నీళ్ళు కొట్టినా బొట్లు బొట్లుగా మొహం మీదే జారుతుంది. మంచిదేలే, చర్మానికి తేమ అని వదిలేసి పడుకున్న వారం రోజులకి నుదుటి మీద, జుట్టు మొదలయ్యే చోట, గసగసాల్లాంటి పొక్కులు. కొబ్బరినూనె రంధ్రాలు మూసేసే రకం, మొటిమల ఒళ్ళు ఉన్నవాళ్ళకి అస్సలు పడదు, మా చెల్లికి రెండ్రోజులకే లేచాయి. కాబట్టి నూనె తర్వాత ఫేస్‌వాష్ తప్పనిసరి, అది కూడా చెవుల ముందు, ముక్కు పక్కన మడతల్లో, జుట్టు అంచున చూసుకుని. డిసెంబర్లో నూనె గడ్డకడుతుంది, 24 డిగ్రీల కిందకి వస్తే అంతే, సీసా వేణ్ణీళ్ళలో పెట్టుకునే ఓపిక రాత్రి పదిన్నరకి నాకు లేదు. కంట్లోకి పోతే కాసేపు అంతా మసకగా కనపడుతుంది, కంగారు పడొద్దు. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవాళ్ళు మాత్రం ముందు లెన్స్ తీసేసి తర్వాతే ఏదైనా మొదలుపెట్టండి, మా షోరూంలో ఒకమ్మాయి నూనె చేతులతో లెన్స్ తీయబోయి ఆ జత పారేసుకుంది.

ఏడాదిన్నర నుంచి క్లెన్సింగ్ బామ్ వాడుతున్నా, కొరియా వాళ్ళ వీడియోలు చూసి కొన్నదే. చూడ్డానికి గట్టి వెన్నలా ఉంటుంది, చేతిలో వేడికి కరిగి నూనె అవుతుంది. పని చేసేది కొబ్బరినూనె లాగానే, కానీ ఇందులో నూనెనీ నీళ్ళనీ కలిపే పదార్థం ఒకటి ముందే వేసి ఉంటారు, అందుకని మొహమంతా రాసుకున్నాక చేతులు తడి చేసి మళ్ళీ తిప్పితే పలచటి పాలలా తెల్లగా మారిపోతుంది, నీళ్ళు కొడితే జిడ్డు మిగలకుండా పోతుంది. ఆ తెల్లగా మారే దాకా ఆగకుండా గబగబా కడిగేస్తే జిడ్డు మిగులుతుంది, మొదటి నెలంతా నేను చేసిన తప్పు అదే, డబ్బాని తిట్టుకున్నా అనవసరంగా. 100 గ్రాముల డబ్బా మూడు నెలలు పైన వస్తుంది, దూది అక్కర్లేదు. వాసన ఉన్నవి కొనకండి, కళ్ళు మండుతాయి. డబ్బాతో వచ్చే చిన్న గరిటె పారేయకండి, తడి వేళ్ళు లోపల పెడితే నీళ్ళు చేరి పాడవుతుంది.

మా అమ్మమ్మ సున్నిపిండి సంగతి కూడా అడుగుతారని తెలుసు. ఆదివారం ఒంటికి బాగుంటుంది, పండగ స్నానానికి అదే కావాలి. ఫౌండేషన్ మీద పెడితే మాత్రం పిండీ రంగూ కలిసి బూడిద ముద్ద అవుతుంది, బరకకి చెంపలు కందిపోతాయి, కాటుక ఉన్నచోటే ఉంటుంది. పచ్చిపాలు దూదితో తుడిచినా పౌడరు వరకే. ఉత్త పౌడరు, బొట్టు, సన్‌స్క్రీన్ రోజుల్లో ఇంత హడావుడి అక్కర్లేదు, ఒక్క ఫేస్‌వాష్ చాలు, సన్‌స్క్రీన్ చెమటకి పోని రకం అయితే మాత్రం ముందు నూనో బామో పడాలి.

ఇంకా నాకు లొంగనిది ఒక్కటే, పన్నెండు గంటలు పోదని చెప్పే ఆ మ్యాట్ లిప్‌స్టిక్. బామ్‌తో రెండుసార్లు తీసినా పెదవి అంచున ఎర్ర గీత మిగులుతుంది, పొద్దున బ్రష్ చేసేటప్పుడు నురగలో కనపడుతుంది. నూనె రాసి ఐదు నిమిషాలు వదిలేస్తే మెత్తబడుతుంది, ఆ ఐదు నిమిషాల్లో నేను అన్నం తినేస్తున్నా ఈమధ్య, పప్పుచారు జిడ్డుతో కొంత, కొబ్బరినూనెతో కొంత పోతోంది.

మూడు వందల పైన పెట్టి డబ్బా కొనడం అనవసరం అనుకునేవాళ్ళు కొబ్బరినూనె, పాత గుడ్డ, చివర్న ఫేస్‌వాష్‌తో లాగించేయచ్చు, మొటిమలు లేకపోతేనే. నా బామ్ డబ్బా అడుగు కనపడుతోంది నిన్నటి నుంచి, జీతం పడటానికి ఇంకా తొమ్మిది రోజులుంది, గరిటెతో అంచులు గీకుతున్నా.