డబుల్ పెడల్‌తో పేచీ అంతా ఆ షాఫ్టు దగ్గరే

బరంపురంలో హెవీ మెటల్ రాక్ బ్యాండు కడదామంటే గిటారు వాళ్ళు దొరుకుతారు, గొంతు చించుకుని పాడేవాళ్ళూ దొరుకుతారు. కాలితో వాయించే పెద్ద డ్రమ్ములు, అదే బాస్ డ్రమ్ములు, రెండు మాత్రం దొరకవు. సౌండ్ వాళ్ళు అద్దెకిచ్చే సెట్‌లో ఉండేది ఒక్కటే, మామూలుగా 22 అంగుళాలది. అందుకని ఒకే డ్రమ్ముని రెండు కాళ్ళతో వాయించే డబుల్ పెడలే ఇక్కడి డ్రమ్మరుకి దిక్కు. నాది మధ్యరకం చైన్ పెడల్. చైను, క్యాము, డ్రమ్ముని కొట్టే సుత్తిలాంటి బీటరు సంగతులు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. రెండు పెడళ్ళనీ కలిపే షాఫ్టు గురించే నా కోపమంతా.

1979లో మోటర్‌హెడ్ అనే ఇంగ్లిష్ బ్యాండుకి ఫిల్ టేలర్ వాయించినట్టు రెండు డ్రమ్ములు పెట్టుకుంటే ఏ కాలి దెబ్బ ఆ డ్రమ్ము మీదే నేరుగా పడుతుంది. డబుల్ పెడల్‌లో ఎడమకాలి దెబ్బ రెండు యూనివర్సల్ జాయింట్లు, అంటే షాఫ్టు వంపులో ఉన్నా తిరుగుడుని అందించే కీళ్ళు, దాటి రావాలి. 180 టెంపోలో, అంటే నిమిషానికి 180 బీట్ల వేగంలో, పదహారో నోట్లు (బీటుకి నాలుగు దెబ్బలు) వాయిస్తే సెకనుకి 12 దెబ్బలు, కాలికి ఆరేసి. ఆ వేగంలో జాయింటు రవ్వంత లూజైనా సమంగా నడవాల్సిన దరువు కుంటుతుంది. వినేవాళ్ళు డ్రమ్మరుకి లయ లేదనుకుంటారు.

నా పెడల్‌కి వచ్చిన జబ్బు ఇదే. ముందు ఎడమ దెబ్బ మెత్తబడింది. స్ప్రింగు బిగించినా, బీటరు మార్చినా అంతే. ఇలాంటప్పుడు చూడాల్సిన పద్ధతి ఒకటుంది. ఎడమ బీటరుని డ్రమ్ము తోలుకి ఆనించి చేత్తో గట్టిగా పట్టుకోవాలి, ఎడమ ఫుట్‌బోర్డుని మెల్లగా పైకీ కిందకీ ఆడించాలి. బీటరు కదలకుండా బోర్డు మాత్రం కదిలితే మధ్యలో ఎక్కడో ప్లే, అంటే వదులు, ఉన్నట్టు. షాఫ్టు రెండు చివర్లా ఉండే చిన్న స్క్రూలు మొదట అనుమానించాలి. అదురుకి అవే వదులవుతాయి. నావి బిగించాక సగం ప్లే పోయింది, మిగతా సగం పోలేదు. జాయింటు విప్పి చూస్తే లోపలి పిన్ను చుట్టూ ఎర్రటి తుప్పుపొడి. గోపాల్‌పూర్ సముద్రం దగ్గరే కాబట్టి ఉప్పుగాలికి ఏ ఇనుమూ ఆగదు. తుప్పుపొడి పిన్నుతో పాటు రంధ్రాన్నీ తినేస్తుంది. లేత్ షాపులో కొత్త పిన్ను చేసిస్తారు, కానీ రంధ్రం గుండ్రం పోయి కోలగా అయ్యాక ఎంత మంచి పిన్ను వేసినా మళ్ళీ ఆడుతుంది. షాఫ్టు మొత్తం మార్చడమే దారి. అది ఈ ఊళ్ళో దొరకదు, తెప్పించుకోవాలి.

కొత్త షాఫ్టు వేసేటప్పుడు ఇంకో ప్రమాదముంది. పొడవు సర్దుకోవడానికి లోపలి ఆరుపలకల కడ్డీని బయటికి లాగుతాం. తిరిగి పెట్టేటప్పుడు ఒక్క పలక తప్పినా రెండు చివర్ల ఫోర్కులు, అంటే జాయింట్లని పట్టుకునే రెండు కొమ్ముల ముక్కలు, ఒక వరసలో ఉండవు. తిరిగే వేగంలో ఒక జాయింటు తెచ్చే తేడాని రెండోది సరిచేయాలి. వరస తప్పితే ఆ సరిచేయడం జరగదు. షాఫ్టు వంపు 10 డిగ్రీలుంటే తేడా నూటికి ఒకటిన్నర, కాలికి తెలియదు. 30 డిగ్రీలైతే నూటికి 13 నుంచి 15 దాకా పోతుంది, అడుగు మధ్యలో బరువుగా తగులుతుంది. విప్పే ముందే రెండు భాగాల మీదుగా మార్కరుతో ఒక గీత గీసి ఉంచాలి.

కొత్తలో ఈ పెడల్‌ని సర్దడం ఎంత తేలికో అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పటికీ తేలికే, ఆ చిన్న స్క్రూలకి స్క్రూ వదులు కాకుండా పట్టే నీలం రంగు థ్రెడ్ లాకర్ జిగురు ఒక్కో చుక్క వేసుకుంటే. ఎరుపుది వద్దు, వేడి చేస్తే గానీ ఊడదు. స్ప్రింగు మెత్తగా ఉంటే చాలని అప్పట్లో చెప్పింది కూడా కుడి పెడల్‌కే వర్తిస్తుంది, ఎడమదానికి కొంచెం ఎక్కువ బిగువు కావాలి. జాయింట్లకి కుట్టుమిషన్ నూనె చుక్క, తుడిచేసిన తరవాత మాత్రమే. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేస్తే లోపలి జిడ్డు కూడా కడుక్కుపోతుంది.

పూజా పందిళ్ళలో చెక్కబల్లల వేదిక మీద ఎడమ పెడల్ జారిపోయి వంపు పెరుగుతుంది. కింద మందపాటి జంబుఖానా పరిచి, డ్రమ్ము ఆనే వైపు అంచుని వేదికకి మేకులతో కొట్టించాలి. ఎడమకాలితో నడిపే హైహ్యాట్ తాళాల స్టాండు మూడుకాళ్ళదైతే పెడల్‌కి చోటు చాలదు, రెండు కాళ్ళది అడగండి.

160 టెంపో దాటని పాటలు, నెలకో ప్రోగ్రాం, పెడల్‌ని సంచిలో మూటగట్టి పొడిగా ఉంచే వీలు ఉంటే ఇది సరిపోతుంది. నాకు సరిపోతోంది, కొత్త షాఫ్టు పడ్డాక. మా బ్యాండు వేగం ఇంకా పెరిగితే మాత్రం ఇదే ఉంచుతానని చెప్పలేను. రాయగడ, కోరాపుట్ వాళ్ళకి ఉప్పుగాలి బెడద లేదు, అక్కడ ఇంకా ఎక్కువ కాలం రావచ్చు. పాతది కొనేవాళ్ళు చైను మెరుపు చూడకండి, బీటరు పట్టుకుని బోర్డు ఆడించి చూశాకే బేరమాడండి.